ఆర్ట్స్ కాలేజీ ఆర్కిటెక్ట్ ఎవరు? – సమాధానం

ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీని డిజైన్ చేసింది విన్సెంట్ ఎష్ అని ఒకచోట, జాస్పర్ అని ఇంకోచోట ఉందనీ, ప్రాజెక్టులో ఎవరి పేరు పెట్టాలో తెలియడం లేదనీ అడిగారు కదా. టెన్షన్ పడకండి, జాస్పర్ అనే రాయండి.

సంవత్సరాలు చూస్తే చిక్కు విడిపోతుంది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి ఎష్ పేరున ఉన్నవి. ఆయన 1920ల మొదట్లోనే హైదరాబాద్ వదిలి వెళ్లారు. ఆర్ట్స్ కాలేజీకి పునాదిరాయి పడింది 1934లో, ప్రారంభోత్సవం 1939లో. ఆసుపత్రి, కాలేజీ రెండింటి పేరులోనూ 'ఉస్మానియా' ఉండటంతో చాలామంది వాటిని కలిపేస్తారు.

ఎర్నెస్ట్ జాస్పర్‌ది బెల్జియం. కైరో దగ్గర హీలియోపోలిస్‌లో 1910లో తెరిచిన ప్యాలెస్ హోటల్ ఆయనదే. ఉస్మానియా యూనివర్సిటీ భవనాలు ఎలా ఉండాలో తేల్చడానికి నిజాం ప్రభుత్వం తరఫున సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ దేశదేశాల యూనివర్సిటీలు చూసొచ్చారు. దయచేసి వాళ్లిద్దరి పేర్లూ రాయండి. అందరూ వదిలేస్తుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

వీలైతే ఒకసారి వెళ్లి ఆ గ్రానైట్ గోడల ముందు నిలబడండి. స్తంభాల్లో అజంతా, ఎల్లోరాల తీరు, కమానుల్లో ఇస్లామీ తీరు పక్కపక్కనే కనిపిస్తాయి. ఆ ఫొటోలే మీ ప్రాజెక్టుకు ప్రాణం.