తొట్టె తాడు చేతిలో ఉంచుకుని రాయి

హనుమకొండ

బిడ్డా,

పరకాల నుంచి నువ్వు పంపిన పన్నెండు జోలపాటలూ చదివాను. మూడో పాటలో ‘నవనీత హృదయ’ అన్నచోట ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకున్నాను. కవిత్వానికైతే అది మెచ్చుకోలే. కానీ తొట్టె ఊపే మనిషి అక్కడ ఆగిందంటే పిల్ల కళ్లు తెరుస్తుంది.

నాకూ ఇది లేటుగానే తెలిసింది. నేను రాసిన మొదటి జోల ఒక పత్రికలో అచ్చయితే, మా ఆవిడ మురిసిపోయి మా పెద్దోడికి పాడింది. రెండో చరణానికే వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆమె పత్రిక పక్కన పడేసి ‘ఉళుళుళు హాయి’ అందుకుంది. పది నిమిషాల్లో పడుకున్నాడు.

మా అమ్మది మెట్‌పల్లి వైపు. ఇంట్లో బీడీలు చేసేది. దూలానికి పాత నూలుచీర కట్టి, అందులో మా చెల్లెను వేసేది. తొట్టెకు కట్టిన తాడు కొసను కాలి బొటనవేలికి చుట్టుకుని, ఒళ్లో చేట పెట్టుకుని కూర్చునేది. చేతులు తునికాకులో తంబాకు పోసి చుడుతుంటే కాలు తాడు గుంజుతుండేది. దారం తెంపేటప్పుడు పాట కాస్త ఆగి, ‘ఊఁ...’ అంటూ సాగేది. పిల్ల మధ్యలో లేచిందా, ఆ రోజు వెయ్యి బీడీల లెక్క తప్పినట్టే.

మరి పాటలో ఏముండేదనుకున్నావు? ఆకు సగం చిరుగులే వచ్చిందని, సేఠ్ తంబాకు తక్కువ తూచాడని, పొద్దుగూకినా మీ నాయిన ఇల్లు చేరలేదని. పక్క అర్రలో నానమ్మకు అన్నీ వినబడేవి. ఎదురుగా అంటే కొట్లాటయ్యే మాటలే; పిల్లకు చెప్తున్నట్టు పాడితే ఎవరేమంటారు? నీ పన్నెండు పాటల్లో తల్లి ఒక్కసారీ అలసిపోలేదు, ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. ఆమె ఎవరింటి కోడలో నాకు తెలియలేదు.

బంగారు తొట్టె, వెండి గొలుసులు కొట్టెయ్. ఇరవై ఒకటో రోజున పిల్లను తొట్టెలో వేసేటప్పుడు, పదిమంది ఆడవాళ్ల మధ్య పాడే పాటలో అవి చెల్లుతాయి. రాత్రి రెండు గంటలకు, కరెంటు పోయి దోమలు ముసిరినప్పుడు చెల్లవు. ఆడపిల్లలకని వేరే పాటలు ఎందుకు రాశావో కూడా అర్థం కాలేదు. మా అమ్మ చెల్లెను కూడా ‘నా తండ్రీ’ అనే ఊపింది.

ఇక నడక. మన పాత జోలల్లో చాలావాటిది ఐదు మాత్రల నడక. లఘువు, అంటే పొట్టి అక్షరం, పలికే సేపు ఒక మాత్ర; ఐదేసి మాత్రల ముక్క ఒక గణం. మూడు గణాలు నిండుగా వచ్చి, నాలుగోది మూడు మాత్రలకే ఆగుతుంది. మిగిలిన రెండు మాత్రల్లో తొట్టె వెనక్కి వస్తుంది. నీ ఏడో పాట చూడు: ‘వర్షధారలు కురిసి వసుధ పులకించె’. లెక్క సరిపోయింది. కానీ ‘రలుకురిసి’, ‘వసుధపుల’ అంటూ లఘువులన్నీ టకటకా పడ్డాయి, గుర్రబ్బండి తోలినట్టు. నేనైతే ఇలా అంటాను:

వానొచ్చె ఊరంత వరిమళ్లు నిండె
కునుకమ్మ తొట్టెలో కూసుండిపోవె

గొప్ప పాదాలేమీ కావు. కానీ నిద్రమత్తులో నోరు సాగడానికి చోటుంది.

1925లో మన ఉమ్మడి వరంగల్ జిల్లా దేవునూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీదే పీహెచ్‌డీ చేశారు. పుస్తకాలు తర్వాత చదువుదువుగానీ, ముందు మీ వాడకట్టులో ముసలమ్మలను పట్టుకో. పాడమంటే పాడరు, సిగ్గుపడతారు. ఫోన్ తీసి రికార్డింగ్ పెడితే అసలే నోరు విప్పరు. ఒక చంటిపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టు, పాట దానంతటదే వస్తుంది. అర్థం కాని మాట వస్తే దిద్దకు, అలాగే రాసుకో.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా. మా మనవరాలికి పళ్లొస్తున్నాయి, పగలు కన్ను మూయడం లేదు. ఏడో పాట మార్చి, నోటికి పట్టుకుని రా. కాగితం మాత్రం తేకు, తాడు గుంజడానికి చెయ్యి కావాలి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాయిన