పాత బుల్లెట్‌ను కేఫ్ రేసర్‌గా మార్చాలంటే ఫ్రేమ్ కోయాలా?

మీరు అడిగింది ఇది: నాన్నగారి 1978 బుల్లెట్ స్టాండర్డ్ 350 ఏళ్లుగా షెడ్డులో ఉంది, కేఫ్ రేసర్ (కిందికి వాలిన హ్యాండిల్, ఒంటి సీటుతో ముందుకు వంగి నడిపే పాత రేసు బండి రూపం) చేయించాలి, వెనక ఫ్రేమ్ కోసి లూప్ (వంచిన పైపు) వెల్డింగ్ చేస్తానని మెకానిక్ అంటున్నాడు, ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోకండి. ఈ బండిని బోల్టులు విప్పి బిగించే పనితోనే కేఫ్ రేసర్‌గా కట్టొచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. కాకపోతే అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్ (ఫ్రేమ్) మార్చి ఉండకూడదు. మీ బండి ఆ వయసుకు దగ్గర పడింది. గ్రైండర్ పెట్టారంటే ఆ దారి మూసుకుపోతుంది. విప్పిన ప్రతి భాగాన్నీ పేరు రాసి డబ్బాలో దాచండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది: ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చే మార్పు చేయకూడదు. సింగిల్ సీటు వేస్తే సీటింగ్ కెపాసిటీ మారినట్టే, కాబట్టి ముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా పడొచ్చు.

రూపం కంటే ముందు ఇంజిన్. ఏళ్ల తరబడి నిలిపిన బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు నుంచి నూనె మెల్లగా క్రాంక్‌కేసులోకి (ఇంజిన్ అడుగు భాగంలోకి) దిగిపోతుంది. అలాగే కిక్ కొడితే బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) నుంచి నూనె కక్కుతుంది. ముందు కింది డ్రెయిన్ ప్లగ్‌లు విప్పి పాత నూనంతా తీసేసి కొత్తది పోయండి. స్టార్ట్ చేశాక వాల్వులను నొక్కే రాకర్లకు వెళ్లే ఆయిల్ పైపు బోల్టును కొద్దిగా వదులు చేస్తే నూనె కారాలి. కారకపోతే వెంటనే ఆపేయండి, పంపు విప్పాల్సిందే. టాపెట్ సెట్టింగ్ (వాల్వుల సందు సరిచేయడం) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే చేయాలి. పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వచ్చినప్పుడు పుష్ రాడ్ (రాకర్‌ను పైకి నెట్టే కడ్డీ) వేళ్లతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏమాత్రం ఆడకూడదు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) అక్కర్లేదు. పాయింట్స్ (స్పార్క్ కోసం కరెంటును తెంచే భాగం) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య పెట్టండి.

ఇక హ్యాండిల్. క్లిప్‌ఆన్‌లు (ఫోర్కు గొట్టాలకు విడివిడిగా బిగించే రెండు పొట్టి హ్యాండిళ్లు) ఈ బండికి సూటిగా రావు. హెడ్‌లైట్ కూర్చునే కాస్కెట్టే పై యోక్ (ఫోర్కులను పైన పట్టి ఉంచే భాగం) పని కూడా చేస్తుంది. దాన్ని తీస్తే కొత్త యోక్ లేత్ మీద చేయించాలి. అందుకని పాత క్లాంపుల్లోనే బిగిసే ఏస్ బార్ వేయండి, వంపు కిందికి ఉండేలా. బిగించాక రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి: బొటనవేలికీ ట్యాంకుకూ మధ్య కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా తిప్పితే ఆర్పీఎం పెరిగిందంటే థ్రాటిల్ కేబుల్ లాగుతోందన్నమాట, దాని దారి మార్చండి.

అసలు చిక్కు ఫుట్‌రెస్టులు వెనక్కి జరిపినప్పుడు వస్తుంది. ఈ బండికి గేరూ కిక్కూ రెండూ కుడి వైపే. వెనక్కి జరిపిన కుడి ఫుట్‌రెస్ట్ సరిగ్గా కిక్ రాడ్ దిగే దారిలో పడుతుంది. కాబట్టి మడిచే రకం ఫుట్‌రెస్టే కొనండి. ఫుట్‌రెస్ట్ బిగించే ప్లేటుకు రంధ్రాలు వేసే ముందు అట్టముక్కతో నమూనా కోసి, కిక్ పూర్తిగా దింపి చూడండి. ప్లేటు 8 మి.మీ. ఇనుముదైతే చాలు, రెండు చోట్ల బిగించాలి. ఒక్క బోల్టు మీద నిలబెడితే బరువు పడగానే తిరిగిపోతుంది.

గేర్ లింకు (పెడల్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే కడ్డీ) దగ్గర దిక్కు గమనించండి. కంపెనీ పద్ధతిలో ఫస్ట్ పైకి, మిగతా మూడూ కిందికి. గేర్ షాఫ్ట్ మీది చిన్న లివరూ పెడల్ లివరూ రెండూ ఒకే దిక్కున, అంటే రెండూ పైకో రెండూ కిందికో ఉంటే అదే వరస నిలుస్తుంది. ఒకటి పైకీ ఒకటి కిందికీ పెడితే వరస తిరగబడుతుంది. కొత్త బండ్లు నడిపేవారికి తిరగబడిందే సులువు, కానీ ఏదో ఒకటి ముందే తేల్చుకోండి. మడమతో నొక్కే న్యూట్రల్ లివర్‌ను తీయకండి, ట్రాఫిక్‌లో అంత పనికొచ్చేది ఇంకోటి లేదు. ఎడమ వైపు బ్రేక్ రాడ్ పొడవు కూడా మారుతుంది: బ్రేక్ నొక్కినప్పుడు రాడ్‌కూ డ్రమ్ము లివర్‌కూ మధ్య 90 డిగ్రీలు రావాలి. లేకపోతే ఎంత తొక్కినా పట్టు దొరకదు.

సీటు ఫైబర్‌తో చేయించండి. థర్మోకోల్ అచ్చు మీద నేరుగా పాలిస్టర్ రెజిన్ పూస్తే అచ్చే కరిగిపోతుంది. ముందు దాన్ని ప్యాకింగ్ టేపుతో పూర్తిగా కప్పాలి. 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) గ్లాస్ ఫైబర్ మ్యాట్ మూడు పొరలు వేస్తే సుమారు 3 మి.మీ. మందం వస్తుంది, బోల్టులు పడే చోట ఇంకో రెండు పొరలు వేయాలి. పాత సీటు బోల్టు రంధ్రాల్లోనే కూర్చునేలా కొలవండి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి చిన్న ఫిల్టర్ పెడితే మిశ్రమం పలచబడుతుంది (గాలి ఎక్కువై పెట్రోలు తగ్గుతుంది). మెయిన్ జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం ఉన్న భాగం) ఒక్కో మెట్టు పెంచుతూ ప్రతిసారీ ప్లగ్ రంగు చూడండి: లేత గోధుమ రంగు రావాలి, తెల్లగా ఉంటే ఇంజిన్ వేడెక్కుతున్నట్టు. ఇనుప బోరు వేడి త్వరగా వదలదు, పిస్టన్ జామ్ అయ్యేది ఇక్కడే. 346 సీసీ, 6.5:1 కంప్రెషన్, సుమారు 18 హార్స్‌పవర్ ఉన్న ఈ బండి గంటకు 70, 80 కి.మీ. దగ్గర హాయిగా నడుస్తుంది. అంతకు మించి గంటల తరబడి లాగకండి. ముందు బ్రేక్ షూలు, కేబుల్, టైర్లు కొత్తవి వేశాకే ట్యాంకు రంగుకు డబ్బు తీయండి.