ఖాళీ చెక్కుకు భయపడి విజిట్ వీసా మీద విమానం ఎక్కవద్దు

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ గణితం, బీఈడీ చేసి కోనసీమలోని ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడేళ్లుగా పనిచేస్తున్నాను. దుబాయ్‌లో టీచరు ఉద్యోగం ఇప్పిస్తామని రాజమహేంద్రవరంలోని ఒక ఏజెన్సీ నాలుగు నెలల కిందట 60 వేల రూపాయలు తీసుకుంది. 20 వేలు నగదుగా, 40 వేలు ఫోన్‌పేలో ఇచ్చాను. నా పాస్‌పోర్టు, డిగ్రీ, పీజీ, బీఈడీ ఒరిజినల్స్, మా నాన్నగారు సంతకం చేసిన రెండు ఖాళీ చెక్కులు వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడేమో విజిట్ వీసా మీద వెళ్లాలని, అక్కడ స్కూలు వాళ్లే దాన్ని వర్క్ వీసాగా మారుస్తారని, బయల్దేరే ముందు మరో రెండున్నర లక్షలు నగదుగా కట్టాలని అంటున్నారు. మానుకుంటే ఒప్పందం ప్రకారం 3 లక్షలు ఇవ్వాలట, లేకపోతే చెక్కులు బ్యాంకులో వేస్తారట. మాది ఈసీఎన్ఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి అక్కర్లేని) పాస్‌పోర్టు కాబట్టి తమకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటున్నారు. జైలుకు వెళ్లాల్సి వస్తుందేమోనని నాన్నగారికి నిద్ర పట్టడం లేదు. మా మరిది షార్జాలో ఉంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, అంబాజీపేట మండలం

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. ఆయన భయమే ఆ ఏజెన్సీకి అసలు పెట్టుబడి. చెక్కు బౌన్సయితే మర్నాడు పోలీసులు ఇంటికి వస్తారనుకోవడం పొరపాటు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు వేయాలంటే, చెక్కు తిరిగి వచ్చిందని బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా వాళ్లు రాతపూర్వకంగా నోటీసు పంపాలి. అది అందాక నాన్నగారికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ గడువు దాటాకే వాళ్లు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు వేయగలరు. మన మాట మనం చెప్పుకోవడానికి కావలసినంత వ్యవధి ఉంది.

అలాగని ఖాళీ చెక్కు చెల్లనే చెల్లదని ఎవరైనా ధైర్యం చెబితే అదీ నమ్మవద్దు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు ఎదుటివారు నింపుకున్నా, దాని వెనుక బాకీ ఉందనే కోర్టు మొదట భావిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాకీ లేదని చూపించే భారం చెక్కు ఇచ్చినవారిదే. అయితే దాన్ని అనుమానానికి తావు లేనంతగా రుజువు చేయనక్కర్లేదు. మీ కథనమే ఎక్కువ నమ్మదగినదిగా ఉంటే సరిపోతుందని 2010లో రంగప్ప కేసులో అదే కోర్టు తేల్చింది. అందుకే చెక్కులు ఇంకా బ్యాంకుకు వెళ్లని ఈ రోజుల్లోనే మీరు రాసే ఉత్తరానికి విలువ ఎక్కువ. చెక్కులు చేరాక రాస్తే తప్పించుకోవడానికి అల్లిన కథ అంటారు.

ఆ ఉత్తరం నాన్నగారి పేరుతో ఏజెన్సీకి వెళ్లాలి. చెక్కుల నంబర్లు, ఏ తేదీన, ఎవరి చేతికి, ఎందుకు ఇచ్చారో రాయండి. తాను ఏజెన్సీకి ఒక్క రూపాయి కూడా బాకీ లేనని, హామీగా మాత్రమే ఇచ్చానని, వాటిని వెంటనే తిరిగి ఇవ్వాలని ఉండాలి. దాని నకలు జతచేసి, చెల్లింపు ఆపమని బ్యాంకులో దరఖాస్తు ఇచ్చి, మీ కాపీ మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. చెల్లింపు ఆపినంత మాత్రాన 138 సెక్షన్ వర్తించకుండా పోదు. కానీ ఎప్పుడు ఆపారో, ఏ కారణంతో ఆపారో రికార్డుకు ఎక్కుతుంది. చెక్కు పుస్తకం కౌంటర్‌ఫాయిల్ మీద ఆ రోజు నాన్నగారు ఏమైనా రాసి ఉంటే దాన్ని పారేయవద్దు. ఇంకో మాట. లాయరు నోటీసు వస్తే తీసుకోకుండా పోస్ట్‌మ్యాన్‌ను తిప్పి పంపే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉంది. సరైన చిరునామాకు వచ్చిన నోటీసును కాదని పంపేస్తే, అందినట్టే చట్టం లెక్క వేస్తుంది. తీసుకోండి, 15 రోజుల్లోపు జవాబు ఇప్పించండి.

మీరు పంపిన ఒప్పందం ఫొటోలు రెండుసార్లు చదివాను. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని వెనుక నాలుగు తెల్ల కాగితాలు. అయిదు పేజీల్లో ఎక్కడా ఉద్యోగం అనే మాట లేదు, దుబాయ్ లేదు, స్కూలు లేదు, జీతం లేదు. ఉన్నదల్లా ‘కన్సల్టెన్సీ సేవలు’. మానుకుంటే 3 లక్షలన్న షరతు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంది. రేపు గొడవ వస్తే ‘మేం సలహాలు అమ్మాం, ఉద్యోగం అమ్మలేదు’ అనడానికి వేసుకున్న దారి ఇది. రాతలో ఉన్నదానికి భిన్నంగా నోటిమాట సాక్ష్యం చెల్లదనే నియమం ఉన్న మాట నిజమే. కానీ మోసం జరిగిందన్నప్పుడు ఆ నియమం అడ్డు రాదు. దుబాయ్ ఉద్యోగం గురించి వాళ్లు పంపిన వాట్సాప్ సందేశాలు, వాయిస్ మెసేజీలు, మొదట మీకు ఇచ్చిన కరపత్రం అక్కరకు వచ్చేది ఇక్కడే. స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. ఆ ఫోను ఎవరికీ అమ్మవద్దు, మార్చవద్దు.

3 లక్షల షరతు గురించి పెద్దగా బెంగ పడకండి. ఒప్పందం మీరితే ఇంత కట్టాలని రాసుకున్నా, కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి గరిష్ఠ పరిమితి, అంతే. మీ వల్ల వాళ్లకు ఏ నష్టం జరిగిందో ముందు చెప్పాలి కదా. మోసపు మాటలు నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు కూడా 19వ సెక్షన్ కింద మీకు ఉంది.

ఇక సర్టిఫికెట్లు. యూఏఈ ఉద్యోగానికి డిగ్రీల అటెస్టేషన్ తప్పదు. రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశపు ఎంబసీ వరుసగా ముద్రలు వేస్తాయి, దానికి ఒరిజినల్స్ కావాలి. కాబట్టి మొదట్లో వాటిని అడగడంలో తప్పు పట్టలేం. నాలుగు నెలలయినా ఒక్క ముద్రా పడకుండా బీరువాలో పెట్టుకోవడమే తప్పు. ఫీజు బాకీ ఉందని క్లయింటు ఫైలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకే లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు మా లాయర్లకు గట్టిగా చెప్పింది. ఉద్యోగాల ఏజెన్సీకి అంతకంటే ఎక్కువ హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? పాస్‌పోర్టు సంగతి మరీ స్పష్టం. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని ఇంపౌండ్ చేసే, అంటే తన దగ్గరే అట్టిపెట్టుకునే, అధికారం పాస్‌పోర్టు అధికారికే తప్ప పోలీసులకు కూడా లేదని 2008లో సురేశ్ నందా కేసులో తీర్పు ఉంది.

మీది ఈసీఎన్ఆర్ కాబట్టి తమకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది సగం నిజంతో చేసిన అబద్ధం. పదో తరగతి దాటినవారికి, గల్ఫ్ దేశాలు సహా నిర్ణీత 18 దేశాలకు ఉద్యోగం మీద వెళ్లేటప్పుడు, సాధారణంగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. ఆ మినహాయింపు మీకు ఇచ్చింది, ఏజెంటుకు కాదు. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే వ్యాపారం చేయాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఏజెన్సీ పేరు కొట్టి చూడండి. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉన్న పెద్ద సంస్థకు తాము సబ్ ఏజెంట్లమంటే వినవద్దు, సబ్ ఏజెంట్లకు ఆ చట్టంలో చోటు లేదు. రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400 రూపాయలకు మించి తీసుకోరాదు. దానికీ రసీదు ఇవ్వాలి.

అయితే ఆ చట్టం కూలీలు, డ్రైవర్లు, నర్సులు, హోటల్ పనివారిని ఎక్కువగా దృష్టిలో పెట్టుకుని చేసింది. రాజోలు నుంచి నరసాపురం దాకా కువైట్, మస్కట్ వెళ్లిన ఆడవాళ్ల కష్టాలు చూసినవారికి అది ఎందుకు అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. టీచర్లకు అది వర్తించదని మీ ఏజెంటు లాయరు వాదించవచ్చు. అందువల్ల ఫిర్యాదును ఆ ఒక్క చట్టం మీదే నిలబెట్టవద్దు. చదువుకున్నవాళ్లను ఎవరు మోసం చేస్తారులే అన్న ధీమా కూడా పనికిరాదు. అమెరికాలోని లూయిసియానా రాష్ట్రానికి ఫిలిప్పీన్స్ నుంచి టీచర్లను తీసుకెళ్లి, ఒక్కొక్కరి దగ్గర వేల డాలర్ల ఫీజులు గుంజిన ఏజెన్సీ మీద దాదాపు 350 మంది కోర్టుకెక్కారు. 2012 డిసెంబరులో జ్యూరీ వారికి 45 లక్షల డాలర్లు ఇవ్వాలని తీర్పు చెప్పింది. వాళ్లంతా డిగ్రీలున్నవాళ్లే.

ఇప్పుడు మీకు వచ్చిన ఆఫర్ లెటర్ చూద్దాం. స్కూలు పేరుతో ఉన్న ఉత్తరం ఉచిత జీమెయిల్ ఖాతా నుంచి వచ్చింది. కింద ‘హెచ్ఆర్ మేనేజర్’ అని ఉంది, మనిషి పేరు లేదు. జీతం పక్కనే ‘వీసా, నియామక ఖర్చులు అభ్యర్థివే’ అని రాశారు. యూఏఈ కార్మిక చట్టం, అంటే 2021 నాటి 33వ నంబరు డిక్రీ, 6వ ఆర్టికల్ నియామకపు ఖర్చులను ఉద్యోగి నుంచి నేరుగా గానీ చుట్టుతిప్పి గానీ వసూలు చేయడాన్ని నిషేధించింది. అసలైన స్కూలు ఆ మాటను కాగితం మీద పెట్టదు. విజిట్ వీసా మీద వెళ్లినవారు, ఉద్యోగం కుదిరాక అక్కడే వీసా మార్చుకునే పద్ధతి ఉన్న మాట వాస్తవం. కానీ వర్క్ పర్మిట్ రాకముందే తరగతి గదిలోకి అడుగుపెడితే చిక్కు మీకూ ఉంది, స్కూలుకూ ఉంది. 2024లో చేసిన సవరణ ప్రకారం పర్మిట్ లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా జరిమానా పడుతుంది. పైగా దుబాయ్‌లో ప్రైవేటు స్కూళ్లను కేహెచ్‌డీఏ అనే సంస్థ పర్యవేక్షిస్తుంది. ఇన్ని కళ్లు ఉన్నచోట, ఒక గణితం టీచరు కోసం ఏ స్కూలైనా అంత తెగిస్తుందా?

మీ మరిదిగారి సాయం కావలసింది ఇక్కడే. ఫోను చేస్తే తప్పుడు నంబరు తగలవచ్చు కాబట్టి ఆయనకు సెలవున్న రోజు చూసుకుని ఆ స్కూలుకే వెళ్లమనండి. ఉత్తరం చూపించి, ఇది మీరు ఇచ్చినదేనా అని అడిగి, జవాబును స్కూలు అధికారిక మెయిల్ నుంచి మీకు పంపమని కోరమనండి. తమది కాదని వాళ్లు ఒక్క వాక్యం రాస్తే మీ కేసు స్వరూపమే మారిపోతుంది. ఇలాంటి ఫిర్యాదు తీసుకెళితే స్టేషన్లో మొదట వినిపించేది ‘ఇది సివిల్ మ్యాటర్ అమ్మా’ అనే మాటే. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే అది భారతీయ న్యాయ సంహిత 318(4) కిందికి వస్తుంది, ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది. దొంగ ఆఫర్ లెటర్ ఆ ఉద్దేశానికి తిరుగులేని రుజువు, ఫోర్జరీ సెక్షన్లు దానికి అదనం. ఒరిజినల్స్ ఇవ్వకపోవడాన్ని నమ్మకద్రోహం కింద, అంటే 316వ సెక్షన్ కింద చేర్చమని రాయండి.

ఫిర్యాదు ఇవ్వడానికి రాజమహేంద్రవరం వెళ్లక్కర్లేదు, నేరం ఎక్కడ జరిగినా మీ స్టేషన్లోనే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి. కాదంటే అమలాపురంలో జిల్లా ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. ఎమిగ్రేషన్ చట్టం కింద కేసుకు మామూలుగా కేంద్రం అనుమతి కావాలి. కానీ వెళ్లదలచిన వ్యక్తి గానీ, ఆమె తండ్రి, భర్త వంటి దగ్గరివారు గానీ ఫిర్యాదు చేస్తే 27వ సెక్షన్ ప్రకారం ఆ అనుమతి అక్కర్లేదు. ఇది చాలామంది పోలీసులకూ తెలియదు, ఫిర్యాదులోనే రాసేయండి.

రెండున్నర లక్షలు మాత్రం ఇవ్వవద్దు. ఒక వ్యవహారంలో 2 లక్షలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, అంత మొత్తమూ తీసుకున్నవాడికి జరిమానాగా పడుతుంది. నగదు ఎందుకు అడుగుతున్నారో రాతపూర్వకంగా చెప్పమనండి, గొంతులో దర్పం కొంత తగ్గుతుంది. 60 వేల కోసం రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. మీ నివాసం ఉన్న జిల్లాను చూసే కమిషన్‌లోనే వేసుకోవచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. ఫోన్‌పేలో ఇచ్చిన 40 వేలకు రుజువు ఉంది. నగదుగా ఇచ్చిన 20 వేల గురించి ఇప్పుడే వాట్సాప్‌లో మామూలుగా అడిగి, వాళ్ల నోట ఒప్పించండి.

విదేశంలో పాఠం చెప్పాలన్న కోరిక మానుకోనక్కర్లేదు. మీరు గణితం టీచరు కావడం కలిసొచ్చే విషయం. 2023 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్ భారతదేశంలో శిక్షణ పొందిన గణితం, సైన్సు, భాషల టీచర్లకు క్యూటీఎస్ అనే టీచరు అర్హత కోసం నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. దరఖాస్తుకు ఫీజు లేదు. ఉద్యోగం మాత్రం విడిగా వెతుక్కోవాలి. అక్కడి చట్టం ఉద్యోగం వెతికిపెట్టినందుకు అభ్యర్థి దగ్గర ఏజెన్సీ డబ్బు తీసుకోవడాన్నే ఒప్పుకోదు. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ కూడా విదేశీ ఉద్యోగాలకు అభ్యర్థులను పంపుతుంది, అక్కడా విచారించండి.

ఉత్తరాలు అందాక ఏజెన్సీ నుంచి రాజీ కబురు వస్తుందని నా అంచనా. రాజీ మంచిదే, అది న్యాయ సేవాధికార సంస్థ ముందు, లోక్ అదాలత్‌లో జరిగితే ఇంకా మంచిది. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు, రాజీపత్రానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. అలా కాకుండా వాళ్ల ఆఫీసులోనే ఒరిజినల్స్ ఇస్తామంటే వెళ్లి తీసుకోండి, కానీ ఒక్కరే వెళ్లవద్దు. ‘ఇకపై ఎలాంటి క్లెయిములు లేవు’ అని ముందే టైపు చేసిన కాగితం మీ ముందు పెడతారు. దాని మీద సంతకం చేయకుండా, తీసుకున్న సర్టిఫికెట్ల పేర్లు, పాస్‌పోర్టు, చెక్కుల నంబర్లు ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో రాసి, ‘ఇవి ముట్టాయి, 60 వేలు ఇంకా రావాలి’ అని కింద చేర్చి సంతకం చేసి ఇవ్వండి.