చిన్నీకి, పబ్బు లీజుకి తీసుకునే ముందు

చిన్నీ,

మెల్‌బోర్న్‌లో పాత పబ్బు తీసుకుని లైవ్ మ్యూజిక్ పెడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. తను ‘పబ్బు’ దగ్గరే ఆగిపోయి ఏడుస్తోంది. నేను ముందు మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ఊళ్ళో అన్నేళ్ళు సౌండ్ మిక్సర్ వెనక నిలబడ్డవాణ్ణి, ఎలా పడుతుంది?

లైసెన్సు, ఇన్సూరెన్సు, ఫైర్ ఎగ్జిట్లు లాయరుకి అప్పజెప్పు. లీజు చదవకుండా సంతకం పెట్టావో, ఊరుకోను.

నా భయమంతా పక్కిళ్ళ గురించే. నేను పనిచేసిన ఒకచోట ఓనరు గోడలనిండా కోడిగుడ్ల అట్టల్లాంటి ఫోమ్ అంటించాడు. వద్దన్నా వినలేదు. ఫోమ్ గదిలో ప్రతిధ్వని తగ్గిస్తుంది గానీ బయటికి పోయే బేస్‌ని, అంటే గుండెల్లో దడదడలాడే ఆ లోతు శబ్దాన్ని, ఆపదు. దాన్ని ఆపాలంటే బరువు కావాలి: రెండు పొరల జిప్సమ్ బోర్డు, వెనక ఖాళీ, ఎక్కడా సందు లేకుండా సీలు. అక్కడేమో బీరు పీపాలు దింపే వెనక తలుపు పల్చటి చెక్కది. జనవరి ఎండలకి కిచెన్ కుర్రాడు దానికి ఇటుక అడ్డంపెట్టి బార్లా తెరిచేవాడు. సందు అవతలి ఇంట్లో పసిపిల్ల. ఆ తల్లి వచ్చి మర్యాదగా చెప్పింది, ఓనరు నవ్వి పంపేశాడు. తర్వాత వచ్చింది కౌన్సిల్ నుంచి, అంటే అక్కడి మున్సిపాలిటీ నుంచి, ఉత్తరం. ఆ ఏడాదే బ్యాండ్లు ఆగిపోయాయి. ఫోమ్‌కి తగలేసిన డబ్బుతో రెండు బరువైన తలుపులు, మధ్యలో చిన్న గది వచ్చేవి. పబ్బు పేరు బోర్డు మార్చకముందే నువ్వే ఆ ఇళ్ళ తలుపులు తట్టి నీ నంబరివ్వు.

కాలింగ్‌వుడ్ పేటలో టోట్ అనే మ్యూజిక్ పబ్బుకి పట్టిన గతి నీకు తెలీదు, అప్పటికి నువ్వు స్కూల్లో ఉన్నావు. బ్యాండ్లు వాయిస్తున్నాయని లిక్కర్ లైసెన్సు అధికారులు ‘హై రిస్క్’ ముద్ర వేసి, సెక్యూరిటీ ఖర్చు నెత్తిన పెడితే, 2010 జనవరిలో మూతపడింది. ఫిబ్రవరి 23న వేలమంది రోడ్డెక్కారు. నేనూ వెళ్ళాను, మీ అత్త తిట్టింది. ఆ ఏడాదే మళ్ళీ తెరిచారు. 2014లో రూలు కూడా మారింది: వేదికకి 50 మీటర్లలోపు కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళే శబ్దం లోపలికి రాకుండా చూసుకోవాలి. అది చూసి ధీమా పడకు. ఇళ్ళు ముందునుంచీ ఉండి, మ్యూజిక్ నువ్వు కొత్తగా పెడుతుంటే, భారమంతా నీదే. పాత పబ్బే కదా అంటే కుదరదు.

చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో తల్లీ. నా ఎడమ చెవి సంగతి చూస్తూనే ఉన్నావుగా. అర్ధరాత్రి వైర్లు చుట్టేసి ఒక్కదానివే ఇంటికి నడిచి వెళ్ళకు.

బిల్డింగ్ ప్లాన్ వాట్సాప్‌లో పంపు, ఆదివారం కూర్చుని చూస్తాను. మీ అమ్మని ఓపెనింగ్‌కి తీసుకొచ్చే పూచీ నాది.

మామయ్య