ముందున్నవాడికే బొగ్గు ఖరీదు

ప్రశ్న: ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో పవర్ గ్రిడ్ బోర్డ్ గేమే. అందరికంటే ముందు ఊళ్లకు లైన్లు వేసేది నేనే, చివరికి ఓడిపోయేదీ నేనే. తేడా ఎక్కడ కొడుతోంది? ఈ ఆటకీ అసలు కరెంటుకీ సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ ముందు వేసేయడం దగ్గరేనండీ తేడా. వేలంపాటలో పవర్ ప్లాంట్లు కొని, వాటికి ఇంధనం కొని, లైన్లు వేసి ఊళ్లకు కరెంటు ఇవ్వడమే ఈ ఆట. జర్మనీకి చెందిన ఫ్రీడెమాన్ ఫ్రీజ్ తయారుచేసిన ఇందులో రూల్సన్నీ ముందున్నవాణ్ణి వెనక్కి లాగడానికే. ఎవరికి ఊళ్లు ఎక్కువుంటే వాళ్లు ఇంధనం అందరి తర్వాత కొనాలి, లైన్లూ అందరి తర్వాతే వేయాలి. బొగ్గు వరసే చూడండి, ఒక్కో ధర దగ్గర మూడేసి ముక్కలుంటాయి, ఒకటి రేటువి అయిపోతే రెండు, అవీ పోతే మూడు, ఇలా మీ వంతు వచ్చేసరికి చవక సరుకంతా ఊడ్చేసి ఉంటారు. పైగా ఏ ప్లాంటుకైనా కావలసినదానికి రెట్టింపు నిల్వ పెట్టుకోవచ్చు కాబట్టి, అవసరం లేకపోయినా మీ మీద కసితో కొనేవాళ్లుంటారు (మా ఇంట్లోనూ ఉన్నారు). అందుకే మధ్యలో కావాలనే ఒకటి రెండు ఊళ్లు వెనకబడండి, డబ్బు దాచుకుని ఆట ముగిసే రౌండులో ఒక్కసారిగా కలిపేయండి. ఆ రౌండులో ఎన్ని ఊళ్లకు కరెంటు ఇచ్చారన్నదే గెలుపు తేలుస్తుంది. 17 ఊళ్లకు లైను వేసి 14 మాత్రమే వెలిగిస్తే, 15 వెలిగించినవాడు ఎగరేసుకుపోతాడు.

అసలు కరెంటుతో సంబంధమా, సగమే. ఆటలో గాలి ప్లాంటు కొంటే చాలు, గాలి ఎప్పుడూ వీస్తూనే ఉంటుంది! నిజంగా గ్రిడ్ (దేశమంతా కరెంటు మోసే లైన్ల వల) నడిపేవాళ్ల టెన్షన్ వేరు, ఉత్పత్తీ వాడకమూ క్షణక్షణం సరిపోవాలి, ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క, 50 హెర్ట్‌జ్ దగ్గరే ఉండాలి. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు దేశమంతా 9 నిమిషాలు లైట్లు ఆర్పాం, గుర్తుందిగా? వాడకం ఓ 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్కేస్తే దాదాపు 31 వేలు పడిపోయింది. అప్పుడు ఆదుకున్నది జలవిద్యుత్తే. ముందే దాన్ని బాగా పెంచి పెట్టుకుని, లైట్లు ఆరుతుంటే 17 వేల మెగావాట్లకు పైగా దించేసి, వెలిగాక మళ్లీ పెంచారు. బొగ్గు ప్లాంట్లతో అంత వేగం కుదరదు.

ప్రశ్న: మేం ఇద్దరమే. ఆడొచ్చా?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆడొచ్చు, ఇద్దరి నుంచి ఆరుగురి దాకా. కాకపోతే ఇద్దరైతే ప్లాంట్ల వేలంపాట చప్పగా ఉంటుంది. పక్కింటివాళ్లను పిలవండి.