ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో మూగనోము: డ్రామా క్లాసు గురించి

మీ ఎనిమిదేళ్ళ పాప ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బళ్ళో టీచర్ పేరడిగినా తల దించుకుంటుంది, డ్రామా క్లాసులో వేస్తే మారుతుందా అని అడిగారు కదండీ. వేయండి, కానీ ఏ క్లాసు అన్నదే అసలు సంగతి.

ఫీజు కట్టేముందు ఒక క్లాసు కూర్చుని చూడండి. మొదటి వారమే డైలాగులు బట్టీ పట్టించి వార్షికోత్సవానికి తయారు చేస్తుంటే వద్దు, అది మళ్ళీ ఇంకో పరీక్షే అవుతుంది. మంచి మాస్టారు ముందు ఆటలాడిస్తారు: ఎదుటి పిల్ల ఏం చేస్తే అద్దంలోలా అదే చేయడం, మాట లేకుండా సైగలతో కథ చెప్పడం, అప్పటికప్పుడు కూరగాయల బేరం. వేరే మనిషిలా నటిస్తున్నప్పుడు తప్పు మాట్లాడితే అది తనది కాదు, ఆ పాత్రది, అందుకే బిడియపడే పిల్లలకీ నోరు పెగులుతుంది. బ్యాచ్‌లో పాతికమంది ఉంటే మాత్రం మీ పాప వెనకే ఉండిపోతుంది.

మీరు విశాఖలోనే ఉంటే, ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది, అక్కడ అడిగితే పిల్లలకు నేర్పేవాళ్ళెవరో తెలియొచ్చు. సిరిపురం చిల్డ్రన్ ఎరీనాలో పిల్లల కార్యక్రమం ఏదైనా ఉంటే ముందు ప్రేక్షకురాలిగా తీసుకెళ్ళండి. ఇంటికొచ్చాక "ఏం నేర్చుకున్నావు, చేసి చూపించు" అని చుట్టాల ముందు నిలబెట్టకండి, దయచేసి!

ఒకటి మాత్రం చూసుకోండి: బడి మొదలైన తొలి నెల కాకుండా ఆ తర్వాత కూడా నెలకు మించి బళ్ళో అసలు నోరే విప్పకపోతే, డ్రామా కన్నా ముందు పిల్లల సైకాలజిస్టుకు చూపించండి.