గీస్తూ కూర్చో, వాళ్లే వస్తారు

చిరంజీవికి,

ఆశీస్సులు. వచ్చే నెలలో మలేషియాలోని పెనాంగ్ వెళ్తున్నావనీ, వెంట బొమ్మల పుస్తకం తీసుకెళ్తున్నావనీ రాశావు. దానితోపాటు పంపిన నీ పాత యాత్రావ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వాక్యం మీద నీకు పట్టుంది. కానీ వ్యాసమంతా భవనాలే కనిపించాయి, ఒక్క మనిషీ నోరు విప్పలేదు. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్‌లో దిగాడన్నదీ, 2008లో అక్కడి జార్జ్‌టౌన్ నగరం యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందన్నదీ నువ్వు ఇల్లు కదలకుండానే రాయగలవు. అంత దూరం వెళ్లినవాడు రాయవలసింది వేరే ఉంది. దాన్ని రాబట్టుకోవడానికి ఆరుబయట కూర్చుని బొమ్మ గీయడం కన్నా మంచి మార్గం నాకు తెలియదు.

ఫొటో తీసేవాడు క్షణంలో వెళ్లిపోతాడు కనుక ఊరివాళ్లు అతన్ని పట్టించుకోరు. గంటసేపు కదలకుండా తమ గుమ్మాన్నే చూస్తున్న మనిషి సంగతేమిటో కనుక్కోకుండా మాత్రం ఉండలేరు. ముందు పిల్లలు వస్తారు, తర్వాత పొద్దుపోని ముసలివాళ్లు, చివరికి పనులున్నవాళ్లు కూడా ఆగి చూస్తారు.

జార్జ్‌టౌన్‌లోని వెల్డ్ కీ అనే రేవు ఒడ్డున, చైనాలోని ఫూజియన్ నుంచి వలస వచ్చిన చైనీయులు సముద్రంలో గుంజలు పాతి కట్టుకున్న ఇళ్ల వరుసలు ఉన్నాయి. చాలావరకు ఒక్కొక్క వరుస ఒక్కొక్క ఇంటిపేరు వాళ్లది. చ్యూ ఇంటిపేరు వాళ్ల వరుసలో, చెక్కబాట మీద కూర్చుని నేనొక గుమ్మం గీస్తుండగా, ఆ ఇంటి పెద్దాయన నా వెనక నిలబడి కాసేపు చూసి, గుమ్మం పక్కన గోడకున్న చిన్న ఎర్రటి పీఠాన్ని వదిలేశానని వేలితో చూపించారు. అది థీకాంగ్ అనే ఆకాశ దేవుడిదట. దాన్ని గీసేసరికి మాటలు సాగాయి. చైనీయుల కొత్త సంవత్సరంలో తొమ్మిదో రోజు ఆ దేవుడి పుట్టినరోజనీ, ఆనాటి పూజకు చెరకుగడలు తప్పనిసరనీ, పూర్వం తమవాళ్లు శత్రువుల బారి నుంచి తప్పించుకుని చెరకుతోటల్లో దాక్కుని బతికారు కనుక చెరకంటే అంత గౌరవమనీ చెప్పారు. ఆ తర్వాత, నేను అడగకుండానే, 2006లో కూల్చేసిన రెండు వరుసలు ఎటువైపు ఉండేవో చెయ్యి చాచి చూపించారు. ప్రశ్నల పట్టిక పట్టుకుని వెళ్లి ఉంటే నన్ను వాకిట్లోంచే సాగనంపేవారు.

ఎదుటివాళ్లు మాట్లాడుతున్నంతసేపూ గీత ఆపకు. నోట్‌బుక్ తీసి రాయడం మొదలుపెట్టావంటే, అప్పటిదాకా కబుర్లు చెప్పిన మనిషి కోర్టు బోనెక్కినట్టు మాటలు కూడబలుక్కుంటాడు. మరిచిపోతావన్న భయముంటే ఒకటి రెండు మాటలు బొమ్మ అంచున వేసుకో, మిగతాదంతా ఆ సాయంత్రమే ఏ కాఫీ కొట్టులోనో కూర్చుని రాసెయ్యి. మర్నాటికి వాయిదా వేస్తే వాళ్ల మాటల తీరు పోయి నీ శైలి మిగులుతుంది.

ఆ వరుసల్లో కొన్ని ఇళ్ల ముందు ఫొటోలు తీయవద్దన్న బోర్డులు ఉంటాయి. బొమ్మకు అది వర్తించదని వాదించకు. వంటింట్లోకి తొంగిచూసే యాత్రికులతో వాళ్లు ఇప్పటికే విసిగి ఉన్నారు. ముఖం గీయదలిస్తే ముందుగా పుస్తకం చూపించి, భాష రాకపోతే సైగతోనైనా అడుగు. పేజీ కావాలంటే చించి ఇవ్వకుండా ఫోన్‌లో ఫొటో తీసుకోనివ్వు. డబ్బు మాత్రం చేతిలో పెట్టకు, పెట్టావంటే అంతవరకు జరిగినదంతా బేరమైపోతుంది.

సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నీళ్లు తగిలినా చెదరని సిరా కలం, చిన్న రంగుల పెట్టె చాలు. అక్కడి ఉక్కకు, తేమకు రంగు త్వరగా ఆరదని విసుక్కోకు, అది ఆరేలోపు బోలెడు కబుర్లు నడుస్తాయి. ఇంకొక మాట: మలేషియాలో తోటల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగువారి వారసులున్నారు. తెలుగు చెవిన పడితే సంతోషంగా పలకరించు, కానీ ప్రయాణమంతా వాళ్లింటి భోజనాలతోనే గడిపేయకు. నీ వయసులో ఆ ప్రలోభం ఎంత బలమైనదో నాకు తెలుసు.

తిరిగి వచ్చాక, వ్యాసం మొదలుపెట్టకముందే ఆ పుస్తకాన్ని ఉన్నదున్నట్టుగా నాకు పంపు. బొమ్మలకన్నా ముందు అంచుల్లో రాసుకున్న మాటలు చదవాలని ఉంది.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి